పక్షిరాజు యౌవనము

ధ్యానభాగములు: కీర్తనలు 103:1–5, యెషయా 40:27–31



మన ప్రాంతపు కూటములలో కొన్ని సంవత్సరములుగా ఒక కథ చెప్పబడుచున్నది. పక్షిరాజు 70 ఏండ్లు బ్రదుకునట. 40వ ఏట దాని ముక్కు వంగిపోయి, గోళ్లు పట్టు తప్పి, రెక్కలు బరువెక్కి ఇక వేటాడలేకపోవునట. అప్పుడది ఒంటరిగా కొండకొమ్ముకు పోయి, ముక్కును బండకు కొట్టి ఊడగొట్టుకొనునట. క్రొత్త ముక్కు మొలచిన తరువాత దానితో గోళ్లు పెరుకుకొని, క్రొత్త గోళ్లు వచ్చిన తరువాత వాటితో పాత ఈకలు పీకివేసికొని, 150 దినములు ఆ శ్రమపడి, మరి 30 ఏండ్లు బ్రదుకునట. మదనపల్లె మొదలుకొని పుంగనూరు, కుప్పము వరకు ఈ కథ విననివారు తక్కువ. సెల్‌ఫోనులలో బొమ్మతోకూడ ఇంటింటికిని వచ్చుచున్నది. చెప్పువారు చివరకు 103వ కీర్తన 5వ వచనము చదివి, దాని అర్థమిదే అని ముగించుచున్నారు.

ప్రియులారా, ఈ కథ నిజము కాదు.

పక్షి ముక్కు మన గోరువంటి పదార్థముతో కప్పబడినది. అది ఎల్లప్పుడును పెరుగుచు, వాడుకలో అరుగుచు ఉండును. దానిని మొదటికి విరుగగొట్టుకొన్న పక్షి మాంసము చీల్చలేదు, తినలేదు, కొద్ది దినములలోనే ఆకలితో చచ్చును. అయిదు నెలలు బండమీద తిండి లేక కూర్చుండి బ్రదుకు గద్ద ఏ దేశమునను లేదు. వయస్సు సంగతియు అట్టిదే. అమెరికా దేశములో గద్దల కాళ్లకు గుర్తు కడియములు వేసి లెక్క వ్రాయుచున్నారు. ఆ లెక్కలలో అడవి బ్రదుకున మిక్కిలి ముసలిదైన తెల్లతల గద్ద 38 ఏండ్లు బ్రదికినది. కథలోని నడివయస్సు కూడ దానికి చిక్కలేదు.

మంచి ఉద్దేశముతో చెప్పిన కథయే గదా, దానివలన నష్టమేమి అని కొందరడుగుదురు. నష్టమున్నది. కుప్పము వైపున పాలారు దగ్గరి ఒక పల్లెలో మన సంఘపు తల్లి ఒకామెకు రెండేండ్ల క్రిందట పక్షవాతము వచ్చి ఎడమచేయి పడిపోయెను. కూలిపని చేసికొని ముగ్గురు పిల్లలను పెంచిన మనిషి. ఒక ఉజ్జీవకూటమునకు ఆమెను మంచముమీద మోసికొని పోయిరి. అక్కడ ఈ కథ వినెను. తరువాత మేము ఆమె యింటికి ప్రార్థనకు పోయినప్పుడు ఆమె చెప్పిన మాట ఇది: “అయ్యగారూ, ఆ పక్షి మాదిరి నన్ను నేను బండకేసి కొట్టుకోవాలంటే దానికి గూడా బలం కావాల గదా. నాకు చెయ్యే లేవదే. అయితే దేవుడు నన్ను కొత్తగా చెయ్యడా?”

ఆ తల్లి అడిగిన ప్రశ్నను తేలికగా తీసికొనరాదు. ఆ కథలో క్రొత్తదనమునకు వెల యెవరు చెల్లించుచున్నారు? పక్షియే. తన్ను తాను బద్దలు చేసికొని, తన్ను తాను రక్షించుకొనుచున్నది. అందులో దేవుడు చేయు పని యేమియు లేదు. కీర్తనకారుడైతే మొదటి వచనము నుండియు దేవుడు చేసిన ఉపకారములనే లెక్కపెట్టుచున్నాడు: ఆయన క్షమించును, కుదుర్చును, విమోచించును, కిరీటముంచును, తృప్తిపరచును. క్రియలన్నియు ఆయనవే. యౌవనము క్రొత్తదగుట ఆ వరుసలో చివర వచ్చు సంగతి. అది మనకు జరుగునదే గాని మనము చేసికొనునది కాదు. ఇట్టి కీర్తనను తెచ్చి, లేవలేనివారి నెత్తిన బరువుగా పెట్టుట తగునా?

ఇంతకును ఆ సెల్‌ఫోను బొమ్మలో కనబడు పక్షి ఏది? తెల్లని తల, పచ్చని ముక్కు, దేహము నలుపు కలిసిన గోధుమరంగు. అది అమెరికా ఖండపు గద్ద. 1782 నుండి ఆ దేశపు ముద్రమీద ఉన్నది. ఆశ్చర్యమేమనగా, దానిని జాతీయపక్షి అని చట్టముగా వ్రాసికొన్నది 2024 డిసెంబరులో మాత్రమే. ఇంగ్లీషులో దానిని బోడి గద్ద అను అర్థమిచ్చు పేరుతో పిలుతురు. అయితే అది బోడిది కాదు. ఆ మాటకు పూర్వము తెలుపు అను అర్థముండెను, ఆ పేరు దానికి నిలిచిపోయినది. 1863లో మదనపల్లెలో మిషను పని మొదలుపెట్టిన జేకబ్ చేంబర్లెయిన్ దొరగారి స్వదేశపు పక్షి అది.

ఆ దేశములో చలికాలమున జనులు కుటుంబములతో నదుల యొడ్డునకు పోయి ఈ గద్దలను చూతురు. మిసిసిపి నది ఉత్తరభాగము గడ్డకట్టినప్పుడు, ఆనకట్టల దిగువను మాత్రము నీరు కదలుచు గడ్డకట్టక యుండును. చేపలు పట్టుటకు గద్దలు అక్కడికి చేరును. అలాస్కాలోని చిల్కాట్ నదియొద్ద కార్తీకమాసపు దినములలో, ఆలస్యముగా వచ్చు సాల్మను చేపల కొరకు వేలకొలదిగా కూడును. ఆ చోటును 1982లో వాటికొరకే ప్రత్యేకించిరి.

మన బాహుదా యేటిలోను, పాలారులోను మంచుగడ్డలు లేవు. మనకు ఎండ యున్నది. అక్కడ నీరు గడ్డకట్టి తగ్గును, ఇక్కడ ఎండి తగ్గును. ఫాల్గుణ చైత్రములలో చెరువు లోపలికి జరిగి చేపలన్నియు ఒక మడుగులోనికి చేరినప్పుడు, మన ఆకాశమందును తెల్లతల పక్షి కనబడును. మన ఊళ్లలో దానిని గరుడపక్షి అందురు. తల, మెడ, రొమ్ము తెల్లగా ఉండును. తక్కినది చాలమట్టుకు ఇటుకరంగు. అమెరికా గద్దకంటె చాల చిన్నది. రెక్కలు చాపినప్పుడు అది రెండు గజములు దాటును, మన గరుడపక్షి గజమున్నరలోపే. చేపలు, ఎండ్రకాయలు, కప్పలు దీని ఆహారము. చచ్చి తేలిన చేపను కూడ వదలదు. పొరుగువారు అనేకులు దీనిని చూచి చెంపలు వేసికొందురు. మన పిల్లలు దానికి నవ్వకూడదు. వారు భక్తితో తల యెత్తి చూచుచున్నారు, మనమో తల యెత్తుటయే మానితిమి.

గనుక గత సంవత్సరము మేము యౌవనస్థులతో కలిసి పుంగనూరు చెరువు కట్టమీదను, బాహుదాలో నీరు నిలిచిన చోట్లను ఈ పక్షులను చూచుచు వచ్చితిమి. దుర్భిణి ఒక్కటే, పదునొకండు మందిమి. కథలో లేని సంగతులు మూడు అక్కడ కంటబడినవి.

మొదటిది పిల్లపక్షులు. గరుడపక్షి పిల్లకు తెల్లతల ఉండదు. ఒళ్లంతయు గోధుమరంగు చారలు. చూచువారు దానిని మామూలు నల్లగద్ద యనుకొందురు. తోకను చూచి గుర్తుపట్టవలెను. నల్లగద్ద తోక చివర చీలియుండును, దీనిది గుండ్రముగా ఉండును. రెండు మూడేండ్లలో కొంచెము కొంచెముగా తెలుపు వచ్చును. అమెరికా గద్దకైతే నాలుగైదేండ్లు పట్టును. నడుమ కాలమందు అది మచ్చమచ్చలుగా, ఇటు పిల్లయు కాక అటు పెద్దదియు కాక, చూచుటకు అందము లేక యుండును. మాతో వచ్చిన ఒక పడుచువాడు అట్టి మచ్చల పక్షిని చాలసేపు చూచెను. అతడు సారా మానెదనని మూడు కూటములలో చెయ్యెత్తినవాడు. రెండుమార్లు తిరిగి పడెను. “ఇది గరుడే గదా అయ్యగారూ?” అని అడిగెను. గరుడే నాయనా, పుట్టినది మొదలుకొని గరుడే అని చెప్పితిమి. అతడు మరేమియు అడుగలేదు, మేమును ఎక్కువగా చెప్పలేదు.

రెండవది ఈకలు. పైన తిరుగుచున్న పక్షి రెక్కలను వెలుతురునకు ఎదురుగా చూచినయెడల, ఒక్కొక్కప్పుడు నడుమ ఒక ఈక లేని సందు కనబడును. కుడి రెక్కలో ఎక్కడ సందున్నదో ఎడమ రెక్కలోను ఇంచుమించు అక్కడనే యుండును. పక్షి ఈకలు మార్చుకొను విధమిదే. ఈకలన్నియు ఒక్కసారి రాలవు. ఇటు ఒకటి, అటు ఒకటి రాలును. వాటి చోట క్రొత్తవి పెరిగివచ్చుచుండగా తరువాతివి రాలును. రెండు ప్రక్కల తూకము చెడదు. పక్షి ఆ కాలమంతయు ఎగురుచునే యుండును, వేటాడుచునే యుండును, పిల్లలను మేపుచునే యుండును. పెద్ద గద్దలకు రెక్కల ఈకలన్నియు మారుటకు ఒక సంవత్సరము చాలదు. ఏ దినమున చూచినను దానిమీద పాత ఈకలును ఉండును, క్రొత్త ఈకలును ఉండును.

మన తెలుగు బైబిలులో 103వ కీర్తన 5వ వచనము చదివి చూడుడి. యౌవనము క్రొత్తదగుట ఒకనాడు జరిగి ముగిసిన పనిగా వ్రాయబడలేదు, జరుగుచుండు పనిగా వ్రాయబడినది. అపొస్తలుడైన పౌలును కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక 4:16లో, బాహ్యపురుషుడు క్షీణించుచుండగా ఆంతర్యపురుషుడు దినదినము క్రొత్తవాడగుచున్నాడని చెప్పుచున్నాడు. దినదినము అను ఆ మాట పక్కన 150 దినముల కొండ యెక్కడ నిలుచును?

మదనపల్లెవారికి ఇది క్రొత్త పాఠము కాదు. 1912లో మిషనులు కలిసి స్థాపించిన ఆరోగ్యవరము క్షయరోగుల ఆసుపత్రి మన ముంగిటనే యున్నది. డాక్టరు ఫ్రిమొట్ మొల్లరుగారు అక్కడ పని చేయుచున్న తొలి దినములలో క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిను వచ్చినది 1940ల నడుమ, ఐసోనయజిడు వచ్చినది 1952లో. అంతకు ముందు వైద్యమనగా విశ్రాంతి, మంచి గాలి, మంచి ఆహారము. రోగులు నెలలకొలది, కొందరు సంవత్సరములకొలది మంచము పట్టి యుండిరి. బ్రదుకుదునను ఆశ వారికి ఎట్లు కనబడెను? తూకములో. ఈ వారము కొంచెము, వచ్చు వారము కొంచెము. దగ్గు ఒకనాడు తగ్గును, మరునాడు తిరిగి వచ్చును. అట్లు లేచి నడిచి ఇంటికి పోయినవారును ఉన్నారు, అక్కడనే ప్రభువునందు నిద్రించినవారును ఉన్నారు. ఏ వైద్యుడును వారిని బండకు కొట్టుకొనుమనలేదు, పడుకొనుమనెను.

మూడవ సంగతి యెషయా 40వ అధ్యాయమునకు చేరినది. మా పిల్లలు మొదటి దినమున తెల్లవారుజామున 5 గంటలకే కట్టమీదికి వచ్చిరి. పక్షులు కొమ్మలమీద కూర్చుండి యుండెను. ఒకటి రెక్కలు ఆరబెట్టుకొనుచుండెను. మరియొకటి నీటిమీదికి ఒకసారి పోయి వచ్చి తిరిగి కూర్చుండెను. పిల్లలకు విసుగు పుట్టెను. ఎండ యెక్కి బండలు కాగిన తరువాత, ఒక్కొక్కటే లేచినవి. నాలుగు మార్లు రెక్క ఆడించి, తరువాత ఆడింపక, చాపి పెట్టుకొని చుట్టుచుట్టుగా పైకి పోయినవి.

దీని కారణము సులభము. సూర్యుడు నేలను కాచును. కాగిన నేల తనమీది గాలిని కాచును. వేడి గాలి తేలికయై పైకి లేచును. పక్షి ఆ లేచు గాలిలోనికి ప్రవేశించి, దాని నడుమ తిరుగుచు, దానితోకూడ పైకి పోవును. ఎత్తునకు చేర్చునది దాని రెక్కల కష్టము కాదు, రెక్కలు చాపుట మాత్రమే దాని వంతు. పక్షి ఎంత పెద్దదైతే ఈ ఆధారము అంత హెచ్చు. పిచ్చుక ఎప్పుడైనను రెక్కలు కొట్టుకొని పోగలదు. రాబందు అట్లు దినమంతయు కొట్టుకొనలేదు. అది గాలి లేచువరకు కనిపెట్టవలెను.

యెషయా ప్రవక్త ఈ మాటలు చెప్పినది చెరలోనున్న జనులకు. వారు, మా మార్గము దేవునికి మరుగైనదని, మా న్యాయము ఆయనకు అగపడలేదని సణుగుచున్నారు. వారికి ప్రవక్త, లెండి, రెక్కలు కొట్టుకొనుడి అని చెప్పలేదు. యెహోవాకొరకు కనిపెట్టువారికి బలము వచ్చునని చెప్పెను. పక్షులను చూచి యెరిగినవాడు గనుకనే ఆ పోలిక తెచ్చెనని మా అభిప్రాయము. కొమ్మమీద కూర్చున్న పక్షి సోమరి కాదు. అది గాలి నెరిగి, వేళ కొరకు ఉన్నది. ఆ వచనము ఎగురుటతో మొదలై పరుగెత్తుట మీదుగా నడుచుటతో ముగియుచున్నది గదా. మన సంఘములో ఎగురువారు తక్కువ, నడుచువారే ఎక్కువ. వారికిని ఆ వచనములో చోటున్నది.

ఇక్కడ ఒక మాట చెప్పక పోలేము. పక్షిరాజు అను మాట వినగానే మనకు కిరీటము పెట్టుకొన్న పక్షి తోచును. హెబ్రీ మూలములో ఆ చోట నున్నది నెషెర్ అను మాట. ఆ మాట గద్దకును రాబందుకును కూడ చెల్లునని పండితులు చెప్పుచున్నారు. మీకా 1:16లో ప్రవక్త యూదా జనులను దుఃఖముతో తల గొరిగించుకొనుమని చెప్పుచు, ఈ నెషెర్‌వలె బోడిగా ఉండుమనుచున్నాడు. గద్ద తల బోడిది కాదు, రాబందు తలయే అట్లు కనబడును. కళేబరములోనికి తల దూర్చి తినునది గనుక దానికి ఆ తల తగినట్లు చేయబడినది. అనగా యెషయా చూపిన ఆ మహిమగల పక్షి, మన ఊరి వెలుపల, పశువుల కళేబరములు వేయు చోట దిగుచుండిన పక్షికి చుట్టమే. మన తాతలలో ఎందరో ఆ చోటనే చర్మములు ఒలిచి జీవనము చేసిరి. ఆ పనిని బట్టి ఊరు వారిని వెలుపల నుంచెను. దేవుడు తన ప్రజల బలమునకు పోలిక వెదకినప్పుడు ఆ వెలుపలి పక్షిని విడిచిపెట్టలేదు. నిర్గమకాండము 19:4లో, ఐగుప్తునుండి తన జనులను మోసికొని వచ్చిన తన రెక్కలకే ఆ పేరు పెట్టుకొనెను.

ఆ రాబందులు ఇప్పుడు మన ఆకాశమందు లేవు. 1990ల నుండి భారతదేశమంతట వాటి ముఖ్యజాతులు నూటికి 95కంటె ఎక్కువగా నశించినవి. పశువులకు నొప్పి తగ్గుటకు ఇచ్చిన డైక్లోఫినాక్ అను మందు కళేబరములో మిగిలి, దానిని తిన్న రాబందుల మూత్రపిండములను చెరిపెను. ఆ సంగతి 2004లో తేలెను, 2006లో పశువులకు ఆ మందు వాడుట మన ప్రభుత్వము నిషేధించెను. అమెరికా గద్దకును ఇట్టి కీడే వచ్చి యుండెను. పొలములమీద చల్లిన డి.డి.టి. వాననీటితో నదులలోనికి, నదులనుండి చేపలలోనికి, చేపలనుండి గద్దలలోనికి పోయెను. వాటి గ్రుడ్ల పెంకులు పలుచనై, పొదుగుటకు కూర్చున్న తల్లి బరువునకే పగిలిపోయెను. 1963లో అలాస్కా తప్ప తక్కిన ఆ దేశమంతట గూళ్లు కట్టుచున్న జంటలు 417 మాత్రమే లెక్కకు వచ్చెను. 1972లో ఆ మందును అక్కడ మాన్పించిరి. జంట వెంబడి జంటగా అవి పెరిగి, 2007లో అపాయములోనున్న జాతుల పట్టీనుండి తీసివేయబడినవి. 35 సంవత్సరములు పట్టినది. మన రాబందులకు ఇంకను అట్టి దినము రాలేదు. ఇంటిలో పశువులున్నవారు వైద్యుని అడిగి, పక్షులకు కీడుచేయని మందునే వాడవలెను. మెలోక్సికామ్ అట్టిది. కూటములో అరచి చెప్పదగిన సంగతి ఏదైన నున్నయెడల, ముక్కు విరుగగొట్టుకొను కథకంటె ఇది మేలు.

పాలారు దగ్గరి ఆ తల్లికి మేము ఈకల సంగతి చెప్పితిమి. ఆమె వెంటనే నమ్మలేదు. పల్లెటూరి మనిషి, కోళ్లు పెంచినది, ఈకలు రాలుట ఆమెకు మాకంటె బాగుగా తెలియును. కొంచెముసేపు ఊరకుండి, “మా కోడి గూడా ఈకలు రాలే కాలంలో గుడ్డు పెట్టదు అయ్యగారూ, కానీ తిండి మానదు” అనెను. ఇప్పుడు ఆమె ఎడమచేతి వ్రేళ్లు కదలుచున్నవి. చేట పట్టుకొనగలదు. నీళ్లబిందె ఎత్తలేదు, ఇకమీదట ఎత్తునో లేదో వైద్యుడు చెప్పలేదు. పిండిపిసుకుట కుడిచేతితోనే.

ఈ నెల మూడవ శనివారము యౌవనస్థులతో తిరిగి పుంగనూరు చెరువు కట్టకు పోవ నుద్దేశించుచున్నాము. ఉదయము 9 గంటలకు వచ్చిన చాలును. అంతకుముందు వచ్చినయెడల పక్షులు ఇంకను కొమ్మలమీదనే యుండును. త్రాగు నీళ్లు ఎవరివి వారు తెచ్చుకొనవలెను. దుర్భిణి ఒక్కటే గనుక వంతులవారీగా చూడవలెను. ఆ తల్లియు వచ్చెదనని కబురు పంపినది. కట్టమీద ఆమెకు కూర్చుండుటకు ఒక కుర్చీ కావలెను. తేగలిగినవారు ముందుగా మాతో చెప్పుడి.